రెండు పెట్టెల నడుమ కాగితం

పెత్రమాస నాడు కాకి రాలేదు.

హన్మాండ్లు తెల్లవారకముందే లేచి, గది ముందు గ్యాసు పొయ్యి మీద గిన్నె పెట్టి, బియ్యం ఉడికేదాకా దగ్గరే కూచున్నాడు. షహానియా బకాలా కొట్టులో మొన్న కొన్న బెల్లం అచ్చును రాతితో చితక్కొట్టి అన్నంలో కలిపాడు. యాలకులు లేవు. నెయ్యి డబ్బా అడుగు గీకితే ఒక్క చెంచాడు వచ్చింది. స్టీలు పళ్ళెంలో అన్నం కుప్పగా పెట్టి, నడుమ వేలితో గుంట చేసి ఆ నెయ్యి అందులో వేశాడు. గుంటలో నెయ్యి కనబడకపోతే తండ్రి పళ్ళెం ముట్టేవాడు కాదు. ఆయన పోయాక వచ్చిన మొదటి పెత్రమాస ఇది. పెద్దలకు పెట్టే అమావాస్య. పెట్టింది కాకి ముడితే పెద్దలు తిన్నట్టు.

ఆ తోటలో ఎత్తయిన చోటు మోటరు గది కప్పు ఒక్కటే. ఇనుప నిచ్చెన వేసుకొని ఎక్కి, పళ్ళెం నడుమ పెట్టి, దక్షిణం ఏ దిక్కో కాసేపు చూసుకొని, చేతులు జోడించాడు.

"బాపూ, ఈయేడు ఈడికి రా" అన్నాడు మెల్లగా.

కప్పు మీది నుంచి తోటంతా కనబడుతుంది. ఖర్జూరపు చెట్ల వరసలు, మేకల దొడ్డి, మేకలకు వేసే జత్తు గడ్డి మడులు, కంచె వెంట రేగుచెట్లు. ఖతర్ వాళ్ళు వాటిని సిదర్ అంటారు. హన్మాండ్లుకు మాత్రం అవి రేగుచెట్లే, ముల్లు కూడా అదే ముల్లు. సరిగ్గా కిందనే, మోటరు గదికి పది అడుగుల దూరంలో, మట్టల పందిరి నీడలో పద్నాలుగు తేనెపెట్టెలు. అవి లియాఖత్ అలీ లోకం. బోధన్ నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి పదకొండేళ్ళుగా వాటిని చూస్తున్నాడు. ఆ వేళ కంటి డాక్టరు దగ్గరికి పొద్దున్నే దోహా వెళ్ళాడు. చెట్లు, గడ్డి, మేకలు హన్మాండ్లు పని. పెట్టెల పక్కకు అతను ఎప్పుడూ పోడు. ఈగ కుడితే ముఖం సొరబుర్రలా వాస్తుందని భయం.

పది గంటలకు ఊరి నుంచి భార్య బాలవ్వ ఫోన్ చేసింది.

"కాకి అచ్చిందా?"

"ఏదే, ఒక్కటి గూడ కానస్తలేదు. రెండు గోరెంకలు అచ్చి వాసన జూసి పోయినయి."

"ఆ దుబాయ్ల కాకులకు గూడ వీసా గావాల్నా ఏంది?"

"ఇది దుబాయ్ గాదే. ఖతర్."

"ఏదైతేంది. ఇంక జరసేపు సూడు. ఈడ నేను అయ్యగారికి బియ్యం ఇచ్చి అచ్చిన. మాపటికి ఎంగిలిపూల బతుకమ్మ, ఇంక తంగేడు పువ్వే తేలె" అని పెట్టేసింది.

మధ్యాహ్నం మేకలకు నీళ్ళు పెట్టి మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. తల కప్పు పైకి రాగానే ఆగిపోయాడు. పళ్ళెం కనబడలేదు. పళ్ళెం నిండా తేనెటీగలు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, రెక్కలు ముడిచి, తలలు బెల్లంలో దూర్చి తింటున్నాయి. ఒక్కటి కూడా అతని వైపు తిరగలేదు.

భయం పుట్టవలసిన చోట ఏదో వేరేది పుట్టింది. కిందికి దిగి, మిగిలిన బెల్లమంతా చెంబెడు నీళ్ళలో కరిగించి, మళ్ళీ ఎక్కి, పళ్ళెం అంచు నుంచి సన్నగా పోశాడు. కొంత పొర్లి కప్పు మీద పారింది. పారనీ అనుకున్నాడు. కడుపునిండా తిననీ.

"తేనెటీగలై అచ్చిండే" అన్నాడు బాలవ్వకు ఫోన్ చేసి.

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"అస్తడు మరి. పొదల తేనెపట్టు కనవడ్డదంటే ఇడిసిపెట్టేటోడా మీ బాపు?" అంది.

*

సోమవారం పొద్దున లియాఖత్ కేకకు హన్మాండ్లు దొడ్డిలో నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"నీళ్ళు! గోనెసంచులు! ఎన్నుంటే అన్ని తే! యల్లా, యల్లా!"

పందిరి కింద యుద్ధం జరుగుతోంది. పెట్టెల నోళ్ళ దగ్గర ఈగలు గుంపులుగా కమ్ముకుని, రెండేసి రెండేసి పట్టుకుని ఇసుకలో దొర్లుతున్నాయి. రోజూ ఉండే మెత్తని జోరు కాదు. రంపం కోస్తున్నట్టున్న చప్పుడు. పదకొండో నెంబరు పెట్టె గోడల మీద, మూత సందుల్లో, ఎక్కడ చూసినా లోపలికి దూరే ఈగలే.

హన్మాండ్లు తువ్వాల ముఖానికి చుట్టుకుని సంచులు తడిపి అందించాడు. లియాఖత్ వాటిని ఒక్కొక్క పెట్టె మీద కప్పాడు. గడ్డి పరకలు ముద్దగా చుట్టి, ఒక్క ఈగ పట్టేంత సందు వదిలి, నోళ్ళన్నీ బిగించాడు. మెడ మీద రెండు కుట్టినా చెయ్యి ఆపలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చప్పుడు తగ్గింది. ఇసుక మీద చచ్చిన ఈగలు మక్క గింజలు ఆరబోసినట్టు పరుచుకుని ఉన్నాయి. పదకొండో పెట్టె ఖాళీ. నాలుగో నెంబరులో సగం మిగిలాయి.

హన్మాండ్లు చీపురుతో ఊడుస్తుంటే, తొమ్మిదో పెట్టె ముందు మిగతా వాటికన్నా పొడుగైన ఈగ ఒకటి కనిపించింది. తీసి లియాఖత్ అరచేతిలో పెట్టాడు. లియాఖత్ దాన్ని చూడలేదు. కళ్ళు ఎటో పెట్టి, చూపుడువేలితో దాని పొడుగు తడిమాడు.

"రాణి" అన్నాడు. "తొమ్మిదికి తల్లి లేదింక."

"ఎందుకు చాచా గిట్ల కొట్టుకున్నయి?"

"దొంగతనం మరిగినయ్ రా. రేగు ఇంకా పూత పట్టలే. పువ్వు లేదు, ఆకలి మీదున్నయ్. గిసొంటి దినాల్ల ఎక్కడన్న తీపి బయట దొరికిందనుకో, పుక్కటిది, మస్తు తిని మరుగుతయ్. అది అయిపోయినంక ఊకుంటయా? పక్కింటి మీద పడ్తయ్. బలం లేనింటిని దోస్కుంటయ్." లియాఖత్ ఇసుక మీద కూలబడ్డాడు. "శనివారం చక్కెర నీళ్ళు పోసింది నేనే. కంటికి మసక. కింద పారబోసిన్నేమో."

హన్మాండ్లు చేతిలో తడి సంచి నుంచి నీళ్ళు చుక్కచుక్కగా కాలి మీద పడుతున్నాయి. తల ఎత్తి మోటరు గది కప్పు వైపు చూశాడు. వెంటనే దించుకున్నాడు.

లియాఖత్ నమాజుకు వెళ్ళినప్పుడు నిచ్చెన ఎక్కాడు. పళ్ళెంలో అన్నం అన్నంలాగే ఉంది. మెతుకు మెతుకు విడివిడిగా, తెల్లగా, కడిగి ఆరబెట్టినట్టు. తీపి మాత్రం చుక్క లేదు. కప్పు మీద బెల్లం నీళ్ళు పారిన చోట గోధుమరంగు మరక. మెతుకులు కంచె అవతల పావురాలకు విసిరి, పళ్ళెం రెండుసార్లు తోమి, గదిలో మంచం కిందికి తోశాడు.

*

మంగళవారం సాయంత్రం కఫీలు వచ్చాడు. వీళ్ళ వీసాలు ఆయన పేరు మీదివే. తోట, పెట్టెలు మాత్రం ఆయన తల్లివి. తల్లీకొడుకులిద్దరూ ఉండేది దోహాలోని అల్ ఘర్రాఫాలో. తల్లి గురువారం గురువారం వస్తుంది, కొడుక్కి తీరిక తక్కువ. రాస్ లఫాన్‌లో గ్యాసు కంపెనీ డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడలో కంపెనీ కార్డు వేలాడుతూనే ఉంది.

ఖాళీ పెట్టె మూత తీయించి చూశాడు. పెట్టెలు అమ్మే దుకాణం మనిషికి ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టి మాట్లాడాడు. చక్కెర నీళ్ళు పోసేవాడు ఒలకబోసి ఉంటాడని అవతలి గొంతు ఒక్క ముక్కలో తేల్చేసింది. పోసేవాడి వయసెంత అని కూడా అడిగింది.

కఫీలు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కోపం లేదు. అదే ఇబ్బంది, కోపంలో అన్న మాటైతే మర్నాటికి మారేది.

"లియాఖత్, ఖలాస్" అన్నాడు హిందీ, అరబ్బీ కలిపి. "నువ్వు మంచివాడివి. కాని కళ్ళు మాఫీ, లేనట్టే. గురువారం అమ్మ వస్తుంది, సలాం చెప్పుకో. ఆదివారం కొత్తవాడు వస్తాడు. నీకు టిక్కెట్టు తీయిస్తాను."

"హౌ బాబా" అని తల ఊపాడు లియాఖత్. "నా చెయ్యే వణికింది కావచ్చు" అన్నాడు.

హన్మాండ్లు మేక తాడు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. కఫీలు అతని వైపు తిరిగి, "నీ పతాకా గడువు వచ్చే నెలే కదా? గుర్తు చెయ్యి, రెన్యువల్ పెడతాను" అన్నాడు మామూలుగా. ఖతర్‌లో ఉండనిచ్చే కార్డు అది. నోరు మూతపడింది. మేక ముందుకు లాగింది. దాని వెనక నడిచాడు.

*

బుధవారం మధ్యాహ్నం ఎండ వాలాక లియాఖత్ అతని గది తలుపు కొట్టాడు.

"రా. కళ్ళు పట్కోని రా."

"నాకు భయం చాచా."

"వాటికి నీకంటే ఎక్కువ భయమున్నది. రా."

జాలి టోపీ అతని నెత్తిన పెట్టి, అంచులు చొక్కా కాలరులోకి తోశాడు. ఎండిన మట్టపీచు పొగడబ్బాలో కుక్కి అంటించి, రెండుసార్లు తిత్తి నొక్కి, చేతికిచ్చాడు. తల్లి లేని తొమ్మిదిని, సగం చచ్చిన నాలుగును ఒక్క ఇల్లు చెయ్యాలి, కాని నాలుగులో రాణి బతికి ఉందో లేదో ముందు తేలాలి. అది లియాఖత్ కళ్ళకు తేలదు.

నాలుగో పెట్టెలో నుంచి నడిమి చట్రం ఒకటి మెల్లగా పైకి లాగి హన్మాండ్లు చేతుల్లో పెట్టాడు. బరువుగా, వెచ్చగా, పసిపిల్ల వీపులా ఉంది. ఈగలు అతని వేళ్ళ మీదుగా నడిచిపోతున్నాయి.

"పొద్దును భుజం మీదికెల్లి రానియ్. గదుల అడుగున చూడు. సన్నగ, తెల్లగ, నూక కంటె సన్నం. ఉన్నయా?"

చాలాసేపు ఏమీ కనబడలేదు. చట్రం కొద్దిగా వంచాడు. ఒక గది అడుగున వెంట్రుక ముక్కంత తెలుపు. పక్క గదిలో ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి.

"ఉన్నయ్ చాచా! గదికొక్కటి."

"నిలవడ్డయా, పండుకున్నయా?"

"ఆఁ?"

"గుడ్డు రా. పెట్టిన దినం నిలవడి ఉంటది, సూదిలెక్క. మూడో దినం పండుకుంటది. నిలవడితే రాణి ఇయ్యాల ఉన్నట్టు."

"నిలవడ్డయి."

లియాఖత్ టోపీ లేని తలను చట్రానికి ఆనించేంత దగ్గరగా తెచ్చి చూశాడు. కనబడలేదని ముఖం చెబుతూనే ఉంది. "హౌ" అన్నాడు మాత్రం.

ఇక కాగితం కావాలి. నాలుగు మీద కాగితం పరిచి, దాని మీద తొమ్మిదిని ఎక్కించాలి. ఒక్కసారిగా కలిపితే వాసన పడక చంపుకుంటాయి. కాగితం నడుమ ఉంటే కొరుక్కుంటూ కొరుక్కుంటూ రెండు మూడు రోజుల్లో ఒకదాని వాసన ఒకటి అలవాటు పడతాయి. కాగితం పోయేసరికి కొట్లాట మరిచిపోతాయి.

హన్మాండ్లు మోటరు గదిలో పడి ఉన్న అరబ్బీ పేపరు తెచ్చాడు.

"నక్కో!" అన్నాడు లియాఖత్. "అండ్ల అల్లా పేరుంటది, పైగంబర్ పేరుంటది. కొరికి కింద పడేస్తయ్, మనం తొక్కుతం. గునా, పాపం. ఉర్దూది గూడ వద్దు. తెల్గుది ఉన్నదా నీ కాడ?"

ఉంది. ఊరి నుంచి వచ్చినతను బాలవ్వ పంపిన మామిడికాయ తొక్కు సీసాను చుట్టి తెచ్చిన పేపరు. నూనె మరకతో సహా మడిచి దిండు కింద దాచుకుని, మూడు నెలలుగా అదే చదువుతున్నాడు.

"మా దాంట్ల గూడ దేవుని బొమ్మలుంటయి గద చాచా."

"చూసి తియ్. దేవుడు లేని పేజీ తియ్."

గుడి ఉత్సవం వార్త ఉన్నది పక్కన పెట్టాడు. ఇంకో పేజీలో ఎవరిదో వర్ధంతి ఫోటో, దండ వేసి ఉంది. అదీ పక్కన పెట్టాడు. మార్కెట్ ధరల పేజీ మిగిలింది. పసుపు, మక్కలు, సోయా. దాన్ని నాలుగో పెట్టె మీద పరిచాడు. లియాఖత్ మేకుతో అక్కడక్కడా చిన్న పొడుపులు పొడిచాడు. ఇద్దరూ తొమ్మిదిని చెరోపక్క పట్టి ఎత్తి దాని మీద పెట్టారు.

"నాలుగు దినాలు ముట్టకు. ఆదివారం పొద్దుగాల తెరిచి చూడాలె. కొత్తోనికి చెప్పు" అన్నాడు లియాఖత్, చేతులు దులుపుకుంటూ. "ఇంకొకటి. తొమ్మిది కొద్దిగ కోపిష్టిది. పొగ ముందు దానికి పెట్టు. కొత్తోనికి గివన్ని తెల్వయ్ గదా."

ఆ సాయంత్రం హన్మాండ్లు బాలవ్వకు అంతా చెప్పాడు. పళ్ళెం సంగతి, కప్పు మీద మరక సంగతి, పతాకా సంగతి. ఆమె మధ్యలో ఆపలేదు. నోట్లో పూలదారం పెట్టుకుని ఉందేమో, చివరికి దాన్ని తీసి మాట్లాడినట్టు వినిపించింది.

"బాపు పేరు మీద పెట్టిన బువ్వతోని ఒకల నోట్ల మన్ను గొడ్తవా?"

"నేను కావాలని జేసిన్నా?"

"పెట్టుడు కావాలని చెయ్యలె. మల్ల నోరు మూసుకునుడు?"

"పతాకా పోతేనే?"

"పోతే ఇంటికి అస్తవు. గీ ముచ్చట కడుపుల పెట్టుకోని అచ్చి, మీ బాపు పోటువ ముంగట ఎట్ల నిలవడ్తవో జర నాకు గూడ చెప్పు."

ఆమె ఫోన్ పెట్టేయకుండా అటు పక్క పూలు పేర్చుకుంటూనే ఉంది. ఆకుల చప్పుడు వినిపిస్తోంది.

*

గురువారం తెల్లవారుజామున మేకల పాలు పిండడానికి పోతూ, పందిరి పక్కన లియాఖత్‌ను చూసి ఆగాడు.

లియాఖత్ చక్కెర నీళ్ళు పోసే డబ్బా పట్టుకుని ఉన్నాడు. అందులో ఉన్నది మాత్రం ఉత్త నీళ్ళు. ఎదురుగా రాయి మీద సన్నమూతి సీసా. డబ్బా వంచి సీసాలోకి పోశాడు. వంగి, రాయి చుట్టూ అరచేత్తో తడిమాడు, తడి ఉందేమోనని. సీసా తిరిగి డబ్బాలో ఒంపి మళ్ళీ పోశాడు. మళ్ళీ తడిమాడు. నాలుగోసారి ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని పోశాడు. చెయ్యి వణకడం లేదు. ఒక్క చుక్క పడలేదు. అయినా ఐదోసారికి డబ్బా ఎత్తుతున్నాడు.

హన్మాండ్లు పాలచెంబు కింద పెట్టాడు.

"చాచా. నువ్వు పారబొయ్యలే."

లియాఖత్ తల తిప్పాడు.

"నేనే. ఆదివారం పెత్రమాస. మా బాపుకు బెల్లమన్నం పెట్టిన, మోటరు రూము మీద. కాకి రాలే. ఇవి అచ్చినయి. నేను బాపే అనుకున్న. ఇంకింత బెల్లం కలిపి పోసిన." ఒక్క ఊపిరిలో చెప్పి ఆగాడు. "సోమవారమే ఎరికైంది. చెప్పలే."

లియాఖత్ డబ్బా దించాడు. కొడతాడేమో అనుకున్నాడు హన్మాండ్లు. కొడితే బాగుండు అని కూడా అనుకున్నాడు.

"మళ్ళొక్కసారి చెప్పు."

"నేనే పెట్టిన చాచా."

"అది కాదు. ముందుగాల ఏమన్నవు?"

"నువ్వు పారబొయ్యలే అన్న."

లియాఖత్ రాయి మీద కూచున్నాడు. కుడిచెయ్యి ముఖం ముందుకు తెచ్చుకుని, వేళ్ళు చాపి, ముడిచి, చాపాడు. మెల్లగా గొంతులో నవ్వు మొదలైంది, భుజాలదాకా పాకింది.

"అంటె నా చెయ్యి మంచిగనే ఉన్నది" అన్నాడు. "నాలుగు దినాలసంది దీంతోని అన్నం తినబుద్ధి కాలేదు రా నాకు. మంచిగనే ఉన్నది!"

నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. "బెల్లం పెట్టినవా? బెల్లం! అరే జాలిమ్, చక్కెర పెట్టినా ఒక తీరు. బెల్లం తింటే వాటికి కడుపు జారుతది! గందుకే మొన్న పెట్టెల ముంగట గోధుమరంగు మరకలు! నేను రోగమచ్చిందని రెండు రాత్రులు దువా చేసిన!" లేచి, పాలచెంబు తన్నబోయి, పాలు గుర్తొచ్చి కాలు వెనక్కి తీసుకున్నాడు. "మాపటికి మామా అస్తది, ఆమెకు నువ్వే చెప్పుకోవాలె. నేను చెప్ప. చెప్పకున్నా నేను అడగ. నీ ఇష్టం."

*

కఫీలు తల్లిని అందరూ మామా అనే పిలుస్తారు. సాయంత్రం కారు దిగి, కర్ర ఆనించుకుంటూ పందిరి దాకా నడిచి, ప్లాస్టిక్ కుర్చీలో కూచుంది. కొడుకు వెనక నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమె పెట్టెలు లెక్కపెట్టింది. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్న వాటి దగ్గర కర్ర ఆపి లియాఖత్‌ను అరబ్బీలో ఏదో అడిగింది. అతను చెప్పాడు. ఆదివారం కొత్తవాడి సంగతి కొడుకు చెప్పాడు.

హన్మాండ్లు ముందుకు వచ్చాడు. చేతిలో స్టీలు పళ్ళెం. "మామా, అనా గల్తాన్" అన్నాడు. తప్పు నాది అని. అంతకు మించి అతనికి అరబ్బీ రాదు. మిగతాది తెలుగులో లియాఖత్‌తో చెప్పాడు; లియాఖత్ అరబ్బీలోకి మార్చి చెప్పాడు. చావు, అమావాస్య, బెల్లం, కప్పు. కాకి దగ్గర ఇద్దరికీ చిక్కు వచ్చింది. లియాఖత్ చేతులు రెక్కల్లా ఆడించాడు.

"ఘురాబ్?" అంది మామా. కొడుకు వైపు తిరిగింది. ఇక్కడ కాకులెక్కడివి అన్నట్టుంది. కొడుకు ఫోన్ మీంచి తల ఎత్తి, అల్ ఖోర్ వైపు ఉన్నాయని ఏదో చెప్పాడు. ఆమె చెయ్యి విదిల్చి, పళ్ళెం ఇటివ్వమంది. తిప్పి చూసింది. ఒక ప్రశ్న అడిగింది.

"ఎవరు తోమిన్రు అంటున్నది" అన్నాడు లియాఖత్.

"నేనే."

"ఎప్పుడు అంటున్నది."

"సోమవారం."

ఆమె నాలుగు వేళ్ళు చూపించింది. సోమ, మంగళ, బుధ, గురు. లియాఖత్ మార్చి చెప్పవలసిన అవసరం లేకపోయింది. హన్మాండ్లు తల వంచుకున్నాడు.

ఆమె కొడుకు వైపు తిరిగి, గొంతు పెంచకుండా చాలాసేపు మాట్లాడింది. ఒక చోట ఒక వేలు ఎత్తి చూపింది. అతను "యుమ్మా..." అని ఏదో అనబోయాడు, పూర్తి చెయ్యలేదు. తర్వాత ఆమె లియాఖత్ వైపు కర్ర చూపి రెండు మాటలంది.

లియాఖత్ పెట్టెల వైపు తిరిగాడు.

"ఏమంటున్నది చాచా?"

"అంటున్నది..." లియాఖత్ మొదలుపెట్టాడు. "వీడు నాలుగు దినాలు నోరు మూసుకున్నడు, నా కొడుకు ఒక్క గంటల తీర్పు చెప్పిండు, ఇద్దరిదీ తప్పే అంటున్నది. ఇంక..." మళ్ళీ ఆగాడు. "రేగు తేనె తీసేదాక పొద్దుగాల నువ్వు పెట్టెల కాడ పనిచెయ్యాలె అంటున్నది. చెప్పేటోడు లియాఖత్, చేసేటోడు నువ్వు. లియాఖత్ దోహాల కన్ను ఆపరేషన్ చేసుకోవాలె. చేసుకోని..." చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "చేసుకోని ఈడికే రావాలె అంటున్నది. కొత్తోడు మాఫీ, రాడింక."

తన గురించిన మాట తనే మార్చి చెప్పవలసి రావడం ఎంత కష్టమో మామాకు తెలిసినట్టు లేదు. లేదా తెలిసే చెప్పించిందేమో. పళ్ళెం హన్మాండ్లుకు తిరిగిచ్చి, లేస్తూ, ఇంకొకటి అంది.

"వచ్చే ఏడు పెట్టేటప్పుడు లియాఖత్‌ను అడిగి, దూరంగ పెట్టుమంటున్నది" అన్నాడు లియాఖత్. "మేకల దొడ్డి అవతల."

వచ్చే ఏడు. హన్మాండ్లు పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని కారు గేటు దాటేదాకా నిలబడ్డాడు. కఫీలు అద్దం దించి, "పతాకా పేపర్లు ఆదివారం ఇవ్వు" అని చిరాగ్గా అరిచి పోయాడు.

*

ఆదివారం పొద్దున రేగుచెట్ల కింద నడుస్తుంటే చొక్కా మీద ఏదో రాలింది. ఆకుపచ్చ, పసుపు కలిసిన చిన్న పువ్వు. ఇంకా కొన్నే. హన్మాండ్లు దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

జంటపెట్టె నోటి ముందు ఇసుక మీద తెల్లటి పీచు పడి ఉంది. దూది ఏకినట్టు, కుప్పగా. అతను చూస్తుండగానే ఒక ఈగ లోపలి నుంచి కాగితపు పీలిక ఒకటి ఈడ్చుకుంటూ వచ్చింది. దాని మీద సగం అక్షరం. పసుపుదో, మక్కలదో. అంచు దాకా లాగి కిందికి తోసి, వెనక్కి తిరిగి లోపలికి పోయింది.

"ఏం కనవడుతున్నది?" అన్నాడు లియాఖత్, కళ్ళు చికిలించి.

"పేపరంత కొరికి పారేస్తున్నయి చాచా. ఒక్కటి గూడ కొట్లాడ్తలేదు."

పొగ పెట్టి మూత తీశారు. ముందు తొమ్మిదికే. పై పెట్టె నడిమి చట్రం హన్మాండ్లే లాగాడు. చూపుడువేలి మీద ఒకటి కుట్టింది. చట్రం వదల్లేదు. లియాఖత్ తడుముకుంటూ వచ్చి, గోటితో ముల్లు గీకేసి, "ఒక్కటే కదా, అది సలాం" అన్నాడు.

హన్మాండ్లు పొద్దును భుజం మీదుగా రానిచ్చి, చట్రం కొద్దిగా వంచాడు. ఇది తల్లి పోయిన ఇల్లు; నాలుగులోని రాణి పైకి ఎక్కి వస్తేనే ఇక్కడ గుడ్డు. గదులన్నీ ఖాళీగా, తుడిచినట్టున్నాయి. ఒక వరస చూశాడు. రెండో వరస. వేలు సలుపుతోంది. కళ్ళు చికిలించి కింది మూలకు వచ్చాడు.

లియాఖత్ అతని ముఖాన్నే చూస్తున్నాడు.

"ఉన్నయా?"

"ఉన్నయి."

"నిలవడ్డయా, పండుకున్నయా?"

హన్మాండ్లు తొందరపడలేదు. ఇంకొక గది, ఇంకొక గది చూశాడు.

"నిలవడ్డయి చాచా" అన్నాడు.